మీ ప్రశ్నలు, మా జవాబులు: వద్దన్నారు సరే, దాని బదులు ఏది?

పోయిన సంచికలో ఒక పాఠకుడు "ప్రకృతిని ప్రేమించేవాడు అణు విద్యుత్తును సమర్థించొచ్చా?" అని అడిగితే "సమర్థించకపోతేనే ఆశ్చర్యం" అని ఒక్క ముక్కలో తేల్చేసి ఊరుకున్నాను. ఆ ఒక్క ముక్క నన్ను ఊరుకోనివ్వలేదు. వచ్చిన ఉత్తరాల్లో సగం తిట్లు, పావు వంతు శభాష్‌లు, మిగిలిన పావు నిజంగా కూర్చోబెట్టి ఆలోచింపజేసే ప్రశ్నలు. అందుకని ఈసారి పేజీలన్నీ దానికే ఇచ్చేశాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరివీ వేయడం లేదు. కొత్త పాఠకులకు ఒక మాట: ఈ శీర్షిక చేపట్టక ముందు నేను చాలా ఏళ్లు గ్రిడ్ కంట్రోల్ రూములో షిఫ్టు డ్యూటీ చేశాను. నేను చూసిందీ మాట్లాడేదీ అక్కడి కుర్చీలోంచే.

ప్రశ్న: పర్యావరణవాదులు అడ్డుపడకపోతే ఈపాటికి ఎన్ని నదులు, ఎన్ని అడవులు పోయేవో మీకు తెలియదా సార్? వాళ్లని తప్పుపట్టడానికి మనసెలా వచ్చింది? (ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: తెలుసండీ. ఇటలీలో వయోంట్ డ్యామ్ కడుతున్నప్పుడు పక్కనున్న కొండ కదులుతోందని అక్కడి ఊళ్లవాళ్లు మొత్తుకున్నారు, టీనా మెర్లిన్ అనే విలేకరి ఆ సంగతి పత్రికలో రాస్తే లేనిపోని భయాలు పుట్టిస్తోందని ఆవిడ మీదే కేసు పెట్టారు, చివరికి 1963 అక్టోబర్ 9 రాత్రి ఆ కొండచరియ రిజర్వాయర్లోకి జారిపడి, ఎగిసిన నీళ్లు డ్యామ్ మీంచి దూకి దాదాపు 2,000 మందిని పొట్టన పెట్టుకున్నాయి. డ్యామ్ మాత్రం ఇవాళ్టికీ చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. అలాంటి చోట అడ్డుపడ్డవాళ్లకి నేను రెండు చేతులెత్తి దండం పెడతాను.

నా తగువు ఇంకో రకంతో. అణువు వద్దు, బొగ్గు వద్దు, గ్యాసు వద్దు, డ్యామ్ వద్దు, చివరికి గాలిమరలు కూడా పక్షులకి తగులుతాయి వద్దు అని, అన్నీ వద్దన్నాక ఇంటికెళ్లి ఫ్యాను వేసుకునే రకం. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత వీళ్లని చూశాకే పుట్టిందేమో అనిపిస్తుంది.

కంట్రోల్ రూములో గోడ మీద ఒక పెద్ద అంకె వెలుగుతూ ఉంటుంది. ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకి ఎన్ని ఆవృతులు తిరుగుతోందో ఆ లెక్క. చాలా దేశాల్లో అది 50 దగ్గర ఉండాలి, కొన్ని చోట్ల 60. జనం ఆ క్షణాన ఎంత వాడుతున్నారో ఆ క్షణాన అంతే తయారవ్వాలి, తయారీ తగ్గితే ఆ అంకె 49.9, 49.8 అని దిగడం మొదలుపెడుతుంది, అది దిగుతున్నంతసేపూ రూములో ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడరు. ఎక్కడో ఒక ప్లాంటు ఆగిపోయిందని ఫోనొస్తే మేం చేసేది ఒక్కటే, జాబితాలో తర్వాతున్న ప్లాంటుకి ఫోన్ చేసి "పెంచండి" అనడం. ఆ తర్వాతున్నది ఏంటనేది ఏ ఊరేగింపూ తేల్చదు, అప్పటికే కట్టి సిద్ధంగా ఉన్నది ఏదైతే అదే. నా సర్వీసులో చాలాసార్లు అది బొగ్గు, లేకపోతే గ్యాసు. కాబట్టి ఎవరైనా ఏదైనా ప్లాంటు వద్దన్నప్పుడు నాకు వెంటనే వచ్చే సందేహం అది మంచిదా చెడ్డదా అని కాదు, దాని బదులు నేను ఎవరికి ఫోన్ చెయ్యాలి అని.

ప్రశ్న: జర్మనీ లాంటి తెలివైన దేశమే అణు కేంద్రాలన్నీ మూసేసింది. మీకు వాళ్లకంటే ఎక్కువ తెలుసా? (ఒక విశ్రాంత ఉద్యోగి)

జవాబు: ఎక్కువ తెలుసని అనను. కానీ తెలివైనవాళ్లు తప్పు చేస్తే అది కూడా తెలివిగానే, పద్ధతి ప్రకారం, టైం టేబుల్ వేసుకుని మరీ చేస్తారు.

జర్మనీలో 2010 నాటికి 17 రియాక్టర్లు నడుస్తున్నాయి, దేశం మొత్తం కరెంటులో ఐదో వంతుకి పైగా వాటిదే. 2011 మార్చిలో జపాన్‌లో ఫుకుషిమా ప్రమాదం జరగ్గానే ఎనిమిదింటిని ఆపేశారు. మిగిలినవి ఒక్కొక్కటిగా మూసుకుంటూ వచ్చి 2023 ఏప్రిల్ 15న చివరి మూడూ, ఈజార్ 2, ఎమ్స్‌లాండ్, నెకర్‌వెస్ట్‌హైమ్ 2, ఆపేశారు. అవి పాడైపోయాయా అంటే లేదు. నిక్షేపంగా నడుస్తున్నవి.

ఇక్కడ నా వైపు మాట్లాడేవాళ్లు ఒక తప్పు చేస్తుంటారు, "అణువు మూశారు కాబట్టి బొగ్గు పెరిగింది" అంటారు. అదేం లేదు, మధ్యలో కొన్నేళ్లు పెరిగినా, గాలి, సోలార్ బాగా పెరగడంతో మొత్తం మీద అక్కడ బొగ్గు వాటా తగ్గింది. అసలు ప్రశ్న వేరే. అంత కష్టపడి, అంత డబ్బు పోసి పెట్టిన గాలిమరలు, సోలార్ ప్యానెళ్లు ముందు దేన్ని బయటికి పంపాలి? పొగే రాని అణు కేంద్రాన్నా, లిగ్నైట్ అనే నాసిరకం బొగ్గు కాల్చే బాయిలర్‌నా? వాళ్లు అణువుకి గడువు 2022 అని పెట్టుకున్నారు (ఉక్రెయిన్ యుద్ధం వల్ల వచ్చిన గ్యాసు కష్టాలతో ఇంకో మూడున్నర నెలలు సాగింది), బొగ్గుకి మాత్రం 2020లో చట్టం చేసి 2038 దాకా టైమిచ్చారు. పాముని పడగ్గదిలో ఉంచుకుని బల్లిని కొట్టినట్టుంది.

దీనికి ఒక దృశ్యం కూడా ఉంది. 2023 జనవరిలో ల్యుట్సెరాత్ అనే చిన్న ఊరిని గార్జ్‌వైలర్ లిగ్నైట్ గని కోసం ఖాళీ చేయించి కూలగొట్టారు. బురదలో, వానలో, పోలీసులకి అడ్డంగా వేలమంది నిలబడ్డారు, స్వీడన్ వాతావరణ ఉద్యమకారిణి గ్రెటా థన్‌బర్గ్‌ని కూడా మోసుకుంటూ పక్కకి తీసుకుపోయారు. వాళ్ల కోపం న్యాయమైనదే. కానీ ఆ ఊరి చివరి ఇళ్లు కూలిన మూడు నెలలకి అదే దేశం మూడు మంచి రియాక్టర్ల స్విచ్చి కట్టేసింది, అప్పుడు బెర్లిన్‌లో జరిగింది సంబరం. గ్రెటా మాత్రం అంతకు ముందే, 2022 అక్టోబర్‌లో, జర్మన్ టీవీలో ఇప్పటికే నడుస్తున్న అణు కేంద్రాలు మూసి బొగ్గు వైపు పోవడం తప్పు అని చెప్పింది. ఆ అమ్మాయి అన్నవన్నీ నేను ఒప్పుకోను, ఈ ఒక్క మాటకి మాత్రం మార్కులు వేస్తాను. ఇంకో సంగతి, జర్మనీలో అణు కేంద్రాలు మూయడం వల్ల ఏడాదికి సుమారు 1,100 మంది అదనంగా చనిపోయారని ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు, రేడియేషన్‌తో కాదు, అవి నడుస్తుంటే కాల్చక్కర్లేని బొగ్గు పొగతో. ఆ 1,100 మందికి ఎక్కడా కొవ్వొత్తులు వెలిగించరు. వాళ్లెవరో కూడా ఎవరికీ తెలియదు కదా, ఆస్పత్రి కాగితాల్లో గుండెపోటు అనో ఊపిరితిత్తుల జబ్బు అనో ఉంటుంది.

ఆస్ట్రియా కథ ఇంకా విచిత్రం. స్వెంటెన్‌డార్ఫ్‌లో అణు కేంద్రం పూర్తిగా కట్టేశారు, ఇక నడపడమే తరువాయి అనుకుంటుండగా 1978 నవంబర్ 5న ప్రజాభిప్రాయం అడిగితే 50.5 శాతం వద్దన్నారు. ఒక్క యూనిట్ కూడా తయారు చేయకుండానే అది మ్యూజియం వస్తువైపోయింది. దాని దగ్గర్లోనే డ్యూర్న్‌రోర్‌లో బొగ్గు ప్లాంటు కట్టారు, 2019 దాకా అక్కడ బొగ్గు కాల్చారు. ఓటేసినవాళ్లు బ్యాలెట్ మీద "అణువు కావాలా వద్దా" అన్నది చూశారు. "అణువా, బొగ్గా" అని అచ్చు వేసి ఉంటే ఆ అర శాతం ఎటు పడేదో.

ప్రశ్న: చెర్నోబిల్, ఫుకుషిమా మర్చిపోయారా? ఆ వ్యర్థాలు వేల ఏళ్లు ఉంటాయి. మన మనవళ్లకి మనం ఇచ్చి పోయేది అదేనా? (ఇద్దరు పాఠకులు దాదాపు ఇదే మాట రాశారు)

జవాబు: మర్చిపోలేదు. 1986లో చెర్నోబిల్‌లో పేలింది బయట గట్టి కాంక్రీటు కవచం కూడా లేని రియాక్టర్, రక్షణ ఏర్పాట్లు ఆపేసి మరీ పరీక్ష చేస్తుండగా పేలింది. మొదటి నెలల్లో చనిపోయినవాళ్లు సుమారు 30 మంది, రేడియేషన్ ఎక్కువ తగిలినవాళ్లలో కాలక్రమంలో 4,000 మంది దాకా పోవచ్చని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. చిన్న సంఖ్యలు కావు.

ఫుకుషిమా సంగతి వేరు. ఆ రోజు జపాన్‌లో భూకంపం, సునామీ కలిసి 18,000 మందికి పైగా ప్రాణాలు తీశాయి. రేడియేషన్‌తో పోయారని ప్రభుత్వం ఒప్పుకున్నది ఒక్కరిని. కానీ ఖాళీ చేయించే హడావుడిలో, ఆస్పత్రి మంచాల మీంచి ముసలివాళ్లని బస్సులెక్కించి తిప్పడంలో, తర్వాత ఇళ్లకి దూరమైన దిగులుతో ఆ ఒక్క ఫుకుషిమా ప్రిఫెక్చర్‌లోనే (జపాన్‌లో రాష్ట్రం లాంటిది) 2,000 మందికి పైగా పోయారు. అంటే రేడియేషన్ కంటే దాని భయమే ఎక్కువ మందిని తీసుకుపోయింది. ఇంకోటి, భూకంప కేంద్రానికి ఫుకుషిమా కంటే దగ్గర్లో ఒనగావా అణు కేంద్రం ఉంది. దాన్ని ముందే ఎత్తైన చోట కట్టారు. అది భద్రంగా ఆగింది, ఇళ్లు కొట్టుకుపోయిన చుట్టుపక్కల జనం ఆ ప్లాంటు ఆవరణలోని జిమ్‌లోనే తలదాచుకున్నారు. ఈ రెండో కథ ఎందుకో ఎవరికీ తెలియదు, నేను ఎంతమందిని అడిగానో.

లెక్క కావాలంటే ఇదిగో. ప్రతి 100 కోట్ల యూనిట్లకి ప్రమాదాలు, పొగ అన్నీ కలిపి బొగ్గుతో పోయేవాళ్లు దాదాపు 25 మంది, గ్యాసుతో 3, నీటితో 1.3. అణువుతో 0.03, గాలితో 0.04, సోలార్‌తో 0.02. చెర్నోబిల్, ఫుకుషిమా కలుపుకునే సుమా. నీటి లెక్కలో కూడా ఎక్కువ భాగం 1975లో చైనాలో బాన్‌చావ్ డ్యామ్ ఒక్కటి తెగడం వల్ల వచ్చిందే.

వ్యర్థాల విషయం. శిక్షణలో ఉన్నప్పుడు ఒకసారి మాకు యురేనియం గుళిక నమూనా ఒకటి చేతికిచ్చారు, అసలుది కాదు, అదే సైజులో లోహంతో చేసినది. వేలి కొస అంత ఉంది. ఇది సుమారు ఒక టన్ను బొగ్గుకి సమానం అని చెప్పి మా శిక్షకుడు నవ్వాడు, మేం నమ్మలేదు, ఇంటికొచ్చి లెక్క వేసుకుంటే నిజమే. 1,000 మెగావాట్ల అణు కేంద్రం ఏడాదికి 27 టన్నుల ఇంధనం వాడుతుంది. అదే సైజు థర్మల్ ప్లాంటుకి 30 లక్షల టన్నులకి పైగా బొగ్గు కావాలి, 4,000 టన్నులు మోసే గూడ్సు రైలు అనుకుంటే రోజూ రెండు రైళ్లకి పైనే. ఆ 27 టన్నులు ఎక్కడున్నాయో, ఏ పీపాలో ఉన్నాయో, ఆ పీపా నంబరేంటో రాసిపెట్టి ఉంటుంది. 30 లక్షల టన్నులు ఎక్కడికి పోయాయి? సగం మన ఊపిరితిత్తుల్లోకి అని చమత్కరించను గానీ, బూడిద చెరువులోకీ ఆకాశంలోకీ. అణు వ్యర్థం వేల ఏళ్లు ప్రమాదకరమన్నది నిజమే, అందుకే ఫిన్లాండ్‌లో ఓంకలో అనే చోట 400 మీటర్లకి పైగా లోతున పాతరాతిని తొలిచి దాచే ఏర్పాటు చేశారు. బూడిదలోని ఆర్సెనిక్‌కి, పాదరసానికి మాత్రం వేల ఏళ్ల లెక్క కూడా లేదు. అవి ఎప్పటికీ విషాలే, వాటికి గడువు తేదీ ఉండదు.

ప్రశ్న: నిజం చెప్పండి, అణు కంపెనీలు మీకు ఎంత ముట్టజెప్పాయి? (సంతకం లేని కార్డు)

జవాబు: ఇప్పటిదాకా ఏమీ రాలేదు, మీకు ఎవరైనా తెలిస్తే నా అడ్రసు ఇవ్వండి. కాకపోతే డబ్బు సంగతి ఎత్తారు కాబట్టి, అమెరికాలోని పెద్ద పర్యావరణ సంస్థ సియెరా క్లబ్ 2007 నుంచి 2010 దాకా గ్యాసు పరిశ్రమ మనుషుల దగ్గర 2.5 కోట్ల డాలర్లకి పైగా తీసుకుందని 2012లో బయటపడింది. ఆ డబ్బుతో నడిచింది బొగ్గు ప్లాంట్లు మూయించే ఉద్యమం. బొగ్గు పోతే లాభం ఎవరికో వేరే చెప్పాలా? న్యాయంగా చెప్పాలంటే ఆ డబ్బు ఆపేసింది కూడా ఆ సంస్థలో తర్వాత వచ్చిన నాయకత్వమే.

ప్రశ్న: సార్, నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను, వాతావరణ మార్పు మీద మా గ్రూపుతో కలిసి ర్యాలీలకి వెళ్తుంటాను. సోలార్, గాలి ఇంత చవక అయ్యాక ఇంకా ఈ పాత ప్లాంట్ల గొడవ ఎందుకు? (ఒక విద్యార్థిని)

జవాబు: చూడమ్మా, నువ్వు రాసిన ఉత్తరం ఈ దొంతరలో అన్నిటికంటే నాకు నచ్చింది, ఎందుకంటే నువ్వు "వద్దు" దగ్గర ఆగకుండా "ఇది కావాలి" అన్నావు. సోలార్ చవకైన మాట నిజం, పదేళ్లలో ప్యానెళ్ల ధర సుమారు 90 శాతం పడిపోయింది, మా రోజుల్లో ఎవరైనా ఇది జరుగుతుందంటే నవ్వేవాళ్లం. బ్యాటరీలూ అంతే. కాలిఫోర్నియాలో 2024 నాటికే 10,000 మెగావాట్ల బ్యాటరీలు గ్రిడ్‌కి కలిపారు.

అదే కాలిఫోర్నియాలో ఇంకో కథ. డయాబ్లో కాన్యన్ అనే అణు కేంద్రం ఒక్కటే రాష్ట్రం కరెంటులో 9 శాతం దాకా ఇస్తుంది. పర్యావరణ సంఘాలు కూడా కూర్చుని 2016లో దాన్ని 2025కల్లా మూసేద్దామని ఒప్పందం చేసుకున్నాయి. 2020 ఆగస్టులో వడగాలుల్లో సాయంత్రం పూట సోలార్ తగ్గుతుండగా కరెంటు చాలక వంతులవారీగా కోతలు పెట్టారు. 2022కల్లా అదే పార్టీ ప్రభుత్వం చట్టం చేసి మరీ దాన్ని 2030 దాకా నడపమంది. సోలార్ పనికిరాదని దీని అర్థం కాదు. పొద్దు వాలే టైంలో సోలార్ గీత పడిపోతుంటుంది, ఇళ్లలో లైట్లు, ఏసీల గీత పైకి లేస్తుంటుంది, ఆ రెండు గీతల మధ్య సందు నింపడానికి రెండు మూడు గంటల్లో వేల మెగావాట్లు కావాలి. నువ్వు ఇంజినీరింగ్ కాబట్టి ఒకసారి ఏదైనా గ్రిడ్ వెబ్‌సైట్‌లో ఆ గ్రాఫు చూడు, ర్యాలీలో ఇచ్చే కరపత్రం కంటే అది ఎక్కువ నేర్పుతుంది.

ఇక నిన్ను నేను అడిగేది ఒకటుంది. మీ గ్రూపులో ఎవరైనా గాలిమరలకి, హైటెన్షన్ లైన్లకి మద్దతుగా ర్యాలీ చేశారా? అమెరికాలో కేప్ విండ్ అని సముద్రంలో 130 గాలిమరలు పెడదామని 2001లో ప్రతిపాదించారు, తీరంలో బంగళాలున్నవాళ్లు కేసుల మీద కేసులు వేసి 16 ఏళ్లు లాగారు, 2017లో కంపెనీ దండం పెట్టి వెళ్లిపోయింది. దాన్ని వ్యతిరేకించినవాళ్లలో అప్పట్లో పర్యావరణ లాయరుగా పేరున్న రాబర్ట్ ఎఫ్. కెనెడీ జూనియర్ ఒకరు. న్యూయార్క్ దగ్గర ఇండియన్ పాయింట్ అణు కేంద్రం మూయాలని పోరాడినవాళ్లలోనూ ఆయనే ఉన్నారు. ఆ కేంద్రం 2,000 మెగావాట్లది, 2021 ఏప్రిల్‌లో మూతపడింది, దాని చోటు గ్యాసు నింపింది. గాలిమర వద్దు, అణువూ వద్దు. గ్యాసు మాత్రం ఎవరినీ అడక్కుండా వచ్చి కూర్చుంది.

లైన్ల సంగతీ అంతే. జర్మనీలో ఉత్తరాన గాలి వీస్తుంది, ఫ్యాక్టరీలు దక్షిణాన ఉంటాయి, మధ్యలో 700 కిలోమీటర్ల జూట్‌లింక్ లైను వేయాలి. టవర్లు కనపడకూడదని ఊళ్లన్నీ లేస్తే భూమిలో కేబుళ్లు వేస్తామన్నారు, 2022కి అనుకున్నది 2028కి పోయింది. అమెరికాలో సన్‌జియా లైను 2006లో మొదలెట్టిన ఆలోచన, పనులు మొదలైంది 2023లో. ఆ లైను అనుమతికి మొదటి ఉత్తరం రాసిన ఉద్యోగి ఈలోపు రిటైరై ఉంటాడు. సోలార్ చవక అంటే ప్యానెల్ చవక. ప్యానెల్ నుంచి మీ ఇంటిదాకా వచ్చే దారి మధ్యలో ఎంతమంది వద్దంటారో దానికి ధర ఎవరూ కట్టరు.

ప్రశ్న: అసలు మనం వాడకం తగ్గించుకుంటే ఏ ప్లాంటూ అక్కర్లేదు కదా? (ఒక గృహిణి)

జవాబు: మీరు, నేను తగ్గించుకోవచ్చమ్మా, తగ్గించుకోవాలి కూడా. మనకి తగ్గించుకోడానికి ఏదో ఒకటి ఉంది. సహారాకి దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో దాదాపు 60 కోట్ల మందికి కరెంటే లేదు, వాళ్లు ఏం తగ్గించుకుంటారు? ప్రపంచంలో ఇవాళ్టికీ 210 కోట్ల మంది కట్టెలు, పిడకలు, బొగ్గులతోనే వండుకుంటున్నారు, ఆ వంటింటి పొగతో 2020లో 32 లక్షల మంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. పొయ్యి ముందు కూర్చుని, పొగకి కళ్లు నులుముకుంటూ, చంటిపిల్లని ఇంకో చేత్తో పట్టుకుని గొట్టంతో ఊదే ఆడమనిషికి గ్యాసు సిలిండర్ శిలాజ ఇంధనమా కాదా అన్న చర్చ ఎందుకు? గుడ్డికన్నా మెల్ల నయం. గ్యాసు తవ్వే చోట లీకయ్యే మీథేన్ వాతావరణానికి చెడ్డదే, లీకులు ఆపమని గట్టిగా అడగాల్సిందే. కానీ ఆవిడకి సోలార్ కుక్కర్ బొమ్మ చూపించి సిలిండర్ ఆపడం మాత్రం నాకు పాపంలా అనిపిస్తుంది.

ఇందులో పెద్ద దేశాల వేషాలు చూడాలి. 2021లో గ్లాస్గో వాతావరణ సమావేశంలో 30కి పైగా దేశాలు, జర్మనీ కూడా, బయటి దేశాల్లో బొగ్గు, చమురు, గ్యాసు ప్రాజెక్టులకి ప్రభుత్వ డబ్బు ఇక ఇవ్వం అని సంతకాలు పెట్టాయి. ఏడు నెలలు తిరక్కుండానే రష్యా గ్యాసు కష్టమయ్యేసరికి జర్మనీ ఛాన్సలర్ షోల్జ్ 2022 మేలో సెనెగల్ వెళ్లి మీ గ్యాసు మీద మాకు ఆసక్తి ఉందన్నారు. సెనెగల్ వాడు తన ప్లాంటు కోసం తవ్వుకుంటే భూతాపం, ఓడెక్కించి యూరప్ పంపితే ఇంధన భద్రత.

ప్రశ్న: నేను మీతో ఏకీభవించే మనిషినే, కానీ అణు కేంద్రాల ఖర్చు గురించి మీరు ఎందుకు మాట్లాడరు? (ఒక చార్టర్డ్ అకౌంటెంట్)

జవాబు: దొరికిపోయాను. ఫిన్లాండ్‌లో ఒల్కిలువోటో 3 కట్టడం 2005లో మొదలై 2009కి అవ్వాల్సింది 2023కి అయింది. అమెరికాలో వోగ్టల్ రెండు రియాక్టర్లు 1,400 కోట్ల డాలర్లతో మొదలై 3,500 కోట్ల దాకా పోయాయి. ఇందులో కేసులు, ఉద్యమాల వల్ల అయింది కొంతే, చేతకానితనం, డిజైను పూర్తికాకుండా పని మొదలుపెట్టడం ఎక్కువ. నా వైపువాళ్లు ప్రతిదానికీ పర్యావరణవాదుల్నే తిడతారు, అది సోమరితనం. అలాగని ఇది తలరాతేం కాదు, అరబ్ ఎమిరేట్స్‌లో కొరియా వాళ్లు 2012లో మొదలుపెట్టి 2024కల్లా నాలుగు రియాక్టర్లు నడిపించారు, ఆ దేశానికి నాలుగో వంతు కరెంటు అక్కడి నుంచే. కొత్తది కట్టాలా వద్దా అన్నది మీలాంటివాళ్లు కాగితం, పెన్ను తీసుకుని తేల్చాల్సిన లెక్క, నేను పట్టుబట్టను. నేను పట్టుబట్టేది కట్టేసి, అప్పు తీరిపోయి, నిక్షేపంగా నడుస్తున్నదాన్ని భయంతో మూయొద్దని మాత్రమే.

ప్రశ్న: మీ ఇంటి పక్కనే ప్లాంటు కడతామంటే అప్పుడూ ఇలాగే రాస్తారా? (చాలామంది)

జవాబు: ప్లాంటు పక్కన క్వార్టర్స్‌లో ఉన్నాను, బూడిద చెరువుకి గాలివాలున. ఎండాకాలం మధ్యాహ్నం ఆరేసిన తెల్ల బట్టలు సాయంత్రానికి బూడిదరంగులో లోపలికి వచ్చేవి. కాబట్టి భూమి పోయినవాడు, దుమ్ము పీల్చేవాడు వద్దంటే వాడితో నాకు తగువు లేదు. వాడు విధానం మాట్లాడటం లేదు, తన బావి మాట్లాడుతున్నాడు. బహిరంగ విచారణకి వెళ్తే ఇవి అడగండి: బూడిద చెరువు అడుగున పొర వేస్తున్నారా, చుట్టూ బావుల్లో నీళ్లు ఎవరు పరీక్షిస్తారు, ఆ రిపోర్టు ఊరి బోర్డు మీద పెడతారా, పొగ గొట్టంలో గంధకం పట్టే యంత్రం ఎప్పటికి బిగిస్తారు. జవాబు సరిగ్గా రాకపోతే పడుకుని అడ్డం పడండి, నేనూ వస్తాను. సోలార్ పార్కు అయినా సరే, భూమి ఎవరిది, మేపుకునే దారి మిగిల్చారా అని అడగండి.

ప్రశ్న: కరెంటు కొంచెం తక్కువైతే ఏం మునిగిపోతుంది? గంటో అరగంటో చీకట్లో కూర్చుంటే చచ్చిపోతామా? (ఒక కవి, ఆయనే అలా సంతకం చేశారు)

జవాబు: మీరు చచ్చిపోరు లెండి. ఫ్రీక్వెన్సీ పడిపోయి వేరే దారి లేనప్పుడు మా టేబుల్ మీద ఒక కాగితం ఉండేది, ఏ ఫీడర్ (ఒక ప్రాంతానికి కరెంటు తీసుకెళ్లే లైను) ముందు కోయాలి, ఏది తర్వాత అని. పెద్దాస్పత్రి, నీళ్ల పంపులు, రైల్వే, ఆఫీసులుండే వైపు ఆఖర్న. ముందు వరసలో ఉండేవి చివరి బస్తీలు, పల్లెల లైన్లు. ఆ వరసలో ఇంట్లో ఆక్సిజన్ యంత్రం పెట్టుకున్నవాళ్లున్నారో, రేపు పరీక్ష ఉన్న పిల్లలున్నారో ఆ కాగితంలో ఉండదు, ఫీడర్ నంబరు, మెగావాట్లు, అంతే. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి నంబరు చెబితే అటువైపు ఆపరేటర్ ఒక్క క్షణం ఆగి "ఎంతసేపు సార్?" అని అడిగేవాడు, ఎందుకంటే ఇంకో నిమిషంలో ఆయన ఫోన్లు మోగడం మొదలవుతాయి. "అరగంట" అనేవాణ్ణి. ఎంతసేపో నాకూ తెలిసేది కాదు.